రోగి పక్షాన వకాల్తా ఎవరిది?

ఆసుపత్రి బిల్లుల కౌంటరు ముందు నిలబడిన కుటుంబానికి తెలిసినంత బాగా ఆరోగ్య బీమా లోగుట్టు మరెవరికీ తెలియదు. ఏళ్ల తరబడి ప్రీమియం కట్టిన పాలసీ చేతిలో ఉంటుంది. ‘నగదు రహిత చికిత్స లభించును’ అన్న బోర్డు ఎదుటి గోడ మీదే కనిపిస్తుంది. ఇంటికి వెళ్లవచ్చని వైద్యుడు ఉదయమే చెప్పినా, బీమా సంస్థ అనుమతి రాలేదన్న కారణంతో రోగి సాయంత్రం దాకా పడక మీదే బందీగా ఉంటాడు. తీరా వచ్చే జవాబు ఒక్కోసారి పాలసీలోని ఏదో ఒక నిబంధన సంఖ్యను ఉటంకించి, చెల్లించజాలమని తేల్చిచెప్పే ఒకే ఒక్క వాక్యం. ఇటువంటి వేళల్లో చట్టం చాలా మేరకు రోగి వైపే ఉంది. ఆ చట్టాన్ని చేతబట్టి అతడి తరఫున నిలబడేవారు ఎవరన్నదే అసలు ప్రశ్న. దానికి మన వ్యవస్థ వద్ద ఇప్పటికీ సూటి సమాధానం లేదు.

సమస్య పరిమాణం చిన్నదేమీ కాదు. బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ వార్షిక నివేదిక ప్రకారం 2023-24లో ఆరోగ్య బీమా సంస్థల ముందుకు వచ్చిన క్లెయిముల విలువ సుమారు 1.17 లక్షల కోట్ల రూపాయలు. అందులో చెల్లించినది 83,493 కోట్లు. అనుమతించకుండా కోత వేసిన మొత్తం దాదాపు 15,100 కోట్లు. పూర్తిగా తోసిపుచ్చిన క్లెయిములు మరో 10,937 కోట్లు. ఈ తిరస్కరణలన్నీ అన్యాయమైనవని ఎవరూ అనలేరు. పాలసీ పరిధిలో లేని ఖర్చులు, ఆసుపత్రులు పెంచివేసిన బిల్లులు, అసలు జరగని చికిత్సలు వాటిలో ఉండవచ్చు. కానీ ఏది న్యాయమైన తిరస్కరణ, ఏది అన్యాయమైనదీ అన్నది విడమరచి తేల్చవలసిన బాధ్యత, డబ్బు ఇవ్వవలసిన సంస్థకే వదిలేయడం సబబు కాదు. తగవులో ఒక పక్షమే న్యాయపీఠం ఎక్కితే తీర్పు ఎలా ఉంటుందో చెప్పడానికి జోస్యులు అక్కర్లేదు.

నియమాలు లేవా అంటే, పుష్కలంగా ఉన్నాయి. 2024 మే 29న నియంత్రణ సంస్థ జారీచేసిన ఉత్తర్వు ఎంతో మెచ్చదగినది. నగదు రహిత చికిత్సకు అనుమతి కోరిన గంటలోగా బీమా సంస్థ బదులు చెప్పాలి. డిశ్చార్జి వేళ తుది అనుమతిని 3 గంటల్లోగా ఇవ్వాలి. అంతకుమించి జాప్యం జరిగి ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే ఆ భారాన్ని సంస్థ తన వాటాదారుల నిధి నుంచి భరించాలి. సమీక్షా సంఘం ఆమోదం లేకుండా ఏ క్లెయిమునూ తోసిపుచ్చరాదు. ఎడతెగకుండా 60 నెలలు ప్రీమియం కట్టిన పాలసీని, మోసం రుజువైతే తప్ప, పాత జబ్బు దాచారన్న సాకుతో ప్రశ్నించరాదు. కాగితం మీద ఇంతకన్నా కావలసింది లేదు. అయితే 3 గంటలు గడిచి 4వ గంట మొదలైనప్పుడు, ఆ ఆసుపత్రిలో నియమం ఉల్లంఘన జరిగిందని నమోదు చేసేవారెవరు? ఒకే సంస్థ వందమంది పట్ల అదే నిర్వాకం వెలగబెడితే ఆ వంద కథలనూ ఒక్కచోట గుదిగుచ్చి నిలదీసేవారెవరు?

అటువంటివారు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఒక్క ఉదంతం చాలు. విదేశీ ప్రయాణ ఆరోగ్య పాలసీ తీసుకుని 2009 మే నెలలో అమెరికా వెళ్లిన ఒక భారతీయుడు శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో దిగగానే అస్వస్థుడయ్యాడు. గుండె రక్తనాళాలకు స్టెంట్లు వేయవలసి వచ్చింది. పాత ఆరోగ్య సమస్యలను సరిగా వెల్లడించలేదంటూ ఇక్కడి ప్రభుత్వరంగ బీమా సంస్థ క్లెయిమును తోసిపుచ్చింది. జాతీయ వినియోగదారుల కమిషన్‌లోనూ ఆయనకు చుక్కెదురైంది. చివరికి 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆయనకు న్యాయం చేసింది. దరఖాస్తుదారు వెల్లడించిన వివరాలను చూసి, ఆరోగ్యస్థితిని అంచనా కట్టుకుని పాలసీ ఇచ్చిన సంస్థ, తరవాత అదే ఆరోగ్యస్థితిని అడ్డం పెట్టుకుని చెల్లింపును ఎగవేయరాదని న్యాయమూర్తులు డీవై చంద్రచూడ్, బీవీ నాగరత్నల ధర్మాసనం స్పష్టం చేసింది. దేశంలోని పాలసీదారులందరికీ పనికివచ్చే తీర్పు అది. దానికోసం పన్నెండేళ్లపాటు కోర్టుల చుట్టూ తిరిగిన భారం మాత్రం ఒక్క కుటుంబానిది. అంత ఓపిక, అంత స్తోమత అందరికీ ఉంటాయా?

ఆయన జబ్బుపడిన కాలిఫోర్నియా రాష్ట్రంలో అక్కడి ప్రజలకూ అక్కడి ఆరోగ్య పథకాలకూ నడుమ తగవు వస్తే దాన్ని చూసే పద్ధతి వేరు. రోగిని అతడి మానాన వదిలేయకుండా, ఆరోగ్య పథకాల చట్టాలను అమలు చేయించడమే ఉద్యోగంగా గల న్యాయవాదులను అక్కడి ప్రభుత్వం నియమించుకుంది. ఆ అనుభవంలో మనం నేర్వదగిన మంచీ ఉంది. జాగ్రత్త పడవలసిన లోపాలూ ఉన్నాయి.

అమెరికాలో ‘మేనేజ్డ్ కేర్’ అనే పద్ధతి ఉంది. చందాదారు నెలనెలా నిర్ణీత సొమ్ము కడతాడు. పథకం తాను ఒప్పందం కుదుర్చుకున్న వైద్యుల వద్దకు, ఆసుపత్రులకు మాత్రమే అతణ్ని పంపుతుంది. ఖరీదైన పరీక్షకైనా, శస్త్రచికిత్సకైనా ముందుగా అనుమతి తీసుకోవాలి. అనవసర వైద్యాన్ని, దుబారాను అరికట్టడానికి ఇది మంచి ఉపాయమే. 1973లో నిక్సన్ ప్రభుత్వం ప్రత్యేక చట్టం ద్వారా ఈ తరహా సంస్థలకు ఊతమిచ్చింది. కానీ ఇందులోనే ఒక ముల్లు దాగి ఉంది. సొమ్ము ముందే చేతికి అందుతుంది గనుక చికిత్స ఎంత తగ్గితే సంస్థకు అంత మిగులు. అవసరం లేని వైద్యాన్ని ఆపే చెయ్యే అవసరమైన వైద్యాన్నీ ఆపగలదు. ఈ ప్రమాదాన్ని గుర్తించే కాలిఫోర్నియా శాసనసభ 1975లో నాక్స్-కీన్ చట్టం చేసింది.

ఆ చట్టం ఏళ్ల తరబడి కార్పొరేషన్ల శాఖ చేతిలో ఉంది. వాటాలు, రుణపత్రాల వ్యవహారాలు చూసే శాఖకు రోగుల గోడు పట్టడం లేదన్న విమర్శలు 1990లలో మిన్నుముట్టాయి. అనుమతులు నిరాకరించే పథకాల మీద ప్రజాగ్రహం కట్టలు తెంచుకున్న కాలమది. దరిమిలా 1999లో గవర్నర్ గ్రే డేవిస్ హయాంలో సంస్కరణల బిల్లులు వరసగా చట్టాలయ్యాయి. 2000లో రాజధాని శాక్రమెంటో కేంద్రంగా ‘మేనేజ్డ్ హెల్త్ కేర్’ శాఖ ప్రత్యేకంగా ఏర్పడింది. దాని రక్షణ పరిధిలో ఇప్పుడు దాదాపు 3 కోట్లమంది ఉన్నారు. శాఖ ఖర్చును పన్నులు కట్టే సామాన్యుడి మీద వేయకుండా, పథకాల నుంచే రుసుముగా రాబడుతున్నారు.

ఆ శాఖలోని అమలు విభాగంలో పనిచేసే న్యాయవాది దినచర్య సినిమాల్లో చూపే వాదోపవాదాల వంటిది కాదు. అతడి బల్ల మీదకు వచ్చేవి కాగితాల కట్టలు. చందాదారు ఫిర్యాదు ఎప్పుడు చేశాడు, పథకం ఎన్నాళ్లకు బదులిచ్చింది, తిరస్కరణ లేఖలో వైద్య కారణాన్ని వివరించిందా, పైస్థాయిలో సమీక్ష కోరే హక్కు ఉందని చెప్పిందా అన్నవి వరసగా సరిచూస్తాడు. పథకం దస్త్రాలను తెప్పిస్తాడు, అధికారులను విచారిస్తాడు. ఒక్క ఫిర్యాదులో పొరపాటుగా కనిపించింది యాభై ఫిర్యాదుల్లో అదే రీతిన ఎదురైతే అది పొరపాటు కాదు, పద్ధతి అని గ్రహిస్తాడు. అప్పుడే కేసు పుడుతుంది. తప్పు ఆపాలని ఉత్తర్వు, జరిమానా, సివిల్ దావా, అనుమతి పత్రం నిలుపుదల లేక రద్దు- ఇవన్నీ ఆ శాఖ అమ్ములపొదిలోని అస్త్రాలు.

ఇక్కడ గుర్తించవలసిన కీలకాంశం ఒకటుంది. ఈ న్యాయవాదికి ఫలానా రోగి కక్షిదారు కాడు. యావత్ ప్రజలూ కక్షిదారులే. ఒక్కరికి పరిహారం ఇప్పించడంతో అతడి పని ముగియదు. ఆ ఒక్కరికి జరిగిన అన్యాయం రేపు మరొకరికి జరగకుండా సంస్థ పద్ధతిని మార్పించడమే అతడి బాధ్యత. ఒంటరి రోగి తరఫున దావా వేసే ప్రైవేటు న్యాయవాది ఎంత సమర్థుడైనా ఈ పని చేయలేడు. సంస్థల లోపలి దస్త్రాలు చూసే అధికారం అతడికి మొదటే ఉండదు. అత్యవసరంగా చికిత్స కావలసిన రోగికి మాత్రం వేరే తోవ ఉంది. 2001 జనవరి నుంచి అమలులో ఉన్న స్వతంత్ర వైద్య సమీక్ష పద్ధతిలో, పథకంతో సంబంధం లేని వైద్యులు చికిత్స అవసరమో కాదో తేలుస్తారు. రోగి చిల్లిగవ్వ చెల్లించనక్కర్లేదు. వారి నిర్ణయానికి పథకం తలొగ్గాల్సిందే. ఈ సమీక్షకు వెళ్లినవారిలో సగానికి పైగా తాము కోరిన చికిత్స పొందుతున్నారంటే, మొదటి తిరస్కరణల్లో ఎంత తాలు ఉన్నదో ఊహించవచ్చు.

ఈ యంత్రాంగం సాధించిన ఫలితాల్లో 2008 నాటి వ్యవహారం ముఖ్యమైనది. చందాదారు ఆరోగ్యంగా ఉన్నన్నాళ్లు ప్రీమియం పుచ్చుకుని, పెద్ద జబ్బు చేసి బిల్లు వచ్చాక పాత దరఖాస్తును తిరగదోడి, ఫలానా గడిలో ఫలానా సంగతి రాయలేదంటూ పాలసీని మూలం నుంచీ రద్దు చేసే దుష్టసంప్రదాయం అక్కడ పెచ్చుమీరింది. పాలసీ ఇచ్చేముందు చేయవలసిన పరిశీలనను బిల్లు వచ్చాక చేయడం చట్టవిరుద్ధమని శాఖ గట్టిగా పట్టుబట్టింది. ఆంథెమ్ బ్లూక్రాస్ కోటి డాలర్లు, బ్లూషీల్డ్ 30 లక్షల డాలర్లు జరిమానా కట్టడానికి అంగీకరించాయి. అంతకన్నా విలువైన అంశం మరొకటి. రద్దుకు గురైన 2 వేలమందికి పైగా చందాదారులకు తిరిగి బీమా ఇవ్వజూపడానికి, వారు చేతినుంచి పెట్టుకున్న వైద్య ఖర్చులను పూడ్చే ఏర్పాటుకు ఆ సంస్థలు ఒప్పుకోవలసి వచ్చింది. మన దేశంలో ఒక్క పాలసీదారు పన్నెండేళ్లు పోరాడింది దాదాపు ఇటువంటి సాకు మీదే. అక్కడ ప్రభుత్వ న్యాయవాదులు వేలమంది తరఫున ఒక్కసారిగా ఆ పోరు సాగించారు.

అలాగని కాలిఫోర్నియాను స్వర్గధామంగా చిత్రించడం ఆత్మవంచన అవుతుంది. కైజర్ సంస్థ ఉదంతమే ఇందుకు దృష్టాంతం. అత్యవసర వైద్యానికి 48 గంటల్లో, సాధారణ వైద్యుడి వద్దకు 10 పనిదినాల్లో, నిపుణుడి వద్దకు 15 పనిదినాల్లో చందాదారుకు అవకాశం కల్పించాలని అక్కడి నియమాలు గడువులు విధించాయి. మానసిక చికిత్స కోరినవారిని కైజర్ వారాల తరబడి వేచి ఉండేలా చేస్తున్నదని తేల్చి, 2013లో శాఖ 40 లక్షల డాలర్ల జరిమానా విధించింది. తప్పు దిద్దుకుంటామన్న హామీలు, వాటిమీద పర్యవేక్షణ, మళ్లీ ఫిర్యాదులు- ఇలా దశాబ్దం గడిచింది. 2022లో ఆ సంస్థ మానసిక వైద్య సిబ్బందే రోగులకు సకాలంలో చికిత్స అందించలేకపోతున్నామంటూ ఉత్తర కాలిఫోర్నియాలో వారాల తరబడి సమ్మె చేశారు. చివరికి 2023 అక్టోబరులో 20 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. అందులో 5 కోట్లు జరిమానా. తక్కిన 15 కోట్లు అయిదేళ్లలో మానసిక వైద్య సేవలను మెరుగుపరచడానికి సంస్థ వెచ్చించాలి.

ఒకే సంస్థ, ఒకే లోపం, పదేళ్ల కాలం! చిన్న జరిమానా అయితే పెద్ద సంస్థ దాన్ని వ్యాపార ఖర్చుల పద్దులో రాసుకుని ముందుకు సాగిపోతుందని ఈ ఉదంతం చాటుతోంది. నాక్స్-కీన్ చట్టం కింద ఒక్కో ఉల్లంఘనకు 2,500 డాలర్లుగా ఉన్న సివిల్ జరిమానా పరిమితిని 2022లో పదిరెట్లు పెంచి 25,000 డాలర్లు చేయడం వెనక ఈ గుణపాఠమే ఉంది. న్యాయవాది ఎంత దక్షుడైనా చట్టం చేతికిచ్చిన కత్తి మొండిదైతే ప్రయోజనం పరిమితమే. అయినా ఆ పదేళ్లలో ఫిర్యాదు చచ్చిపోలేదు, దస్త్రం మూతపడలేదు. మొదటి జరిమానా నాటి ఆరోపణ రెండో ఒప్పందం నాటికి సాక్ష్యంగా అక్కరకొచ్చింది. అధికారులు మారినా ఒక సంస్థ నడవడికను గుర్తుపెట్టుకునే వ్యవస్థ ఉండటమే అక్కడి విశేషం.

అక్కడి మరో లోపం మన తెలుగువారికీ నేరుగా తగిలేది. పెద్ద కంపెనీలు తమ ఉద్యోగుల వైద్య ఖర్చును బీమా సంస్థ మీద పెట్టకుండా తామే భరించే పథకాలు నడుపుతుంటాయి. వాటిని 1974 నాటి ఎరీసా అనే సమాఖ్య చట్టం రాష్ట్రాల పరిధి నుంచి తప్పించింది. రోగి చేతిలోని కార్డు మీద ప్రసిద్ధ బీమా సంస్థ పేరే ఉన్నా, అది లెక్కలు చూసే గుమాస్తా పాత్రకే పరిమితం. కాలిఫోర్నియా శాఖకు అక్కడ ప్రవేశం లేదు. ఇటువంటి ఉద్యోగ పథకాలు నడిపే సంస్థలను నష్టపరిహారం కోసం రాష్ట్ర చట్టాల కింద నిలదీయడానికి టెక్సస్ కల్పించిన అవకాశాన్ని సైతం 2004లో అమెరికా సుప్రీంకోర్టు ఎరీసా పేరుతోనే మూసివేసింది. ఐటీ కొలువుల్లో కాలిఫోర్నియా చేరిన తెలుగువారు తమ పథకం రాష్ట్ర నియంత్రణలో ఉన్నదో, యజమాని సొంత పూచీ మీద నడుస్తున్నదో ముందుగానే తెలుసుకోవడం మంచిది. రేపు తగవు వస్తే ఎవరి గుమ్మం ఎక్కాలన్నది దానిమీదే ఆధారపడి ఉంటుంది.

ఇక మన సంగతి. మేనేజ్డ్ కేర్ అన్న మాట మనకు కొత్తగా వినిపించవచ్చుగానీ ఆ పద్ధతి పాతికేళ్లుగా మన నట్టింట్లోనే ఉంది. 1986లో ప్రభుత్వరంగ సంస్థలు మెడిక్లెయిమ్ పాలసీ తెచ్చాయి. రోగి ముందు సొమ్ము కట్టి, బిల్లులు పంపి, తరవాత రాబట్టుకునే రోజులవి. మల్హోత్రా కమిటీ సిఫారసుల దరిమిలా 1999 చట్టంతో బీమా రంగం తలుపులు ప్రైవేటు సంస్థలకు తెరుచుకున్నాయి. 2001లో టీపీఏలనే మధ్యవర్తి సంస్థలకు నిబంధనలు వచ్చాయి. నెట్‌వర్క్ ఆసుపత్రి, ముందస్తు అనుమతి, ఒక్కో చికిత్సకు ప్యాకేజీ ధర- ఇవి అమెరికా మేనేజ్డ్ కేర్ పనిముట్లే. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ, 2018లో కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ భారత్ సైతం ఈ పనిముట్లతోనే నడుస్తున్నాయి. పద్ధతిని తెచ్చుకున్నాంగానీ దానిమీద కాపలా ఉండవలసిన న్యాయవాదిని తెచ్చుకోవడం మరిచాం.

బాధితుడికి దారులు లేవని కాదు. ముందు బీమా సంస్థకే మొరపెట్టుకోవాలి. అక్కడ పనికాకపోతే ‘బీమా భరోసా’ ద్వారా నియంత్రణ సంస్థకు తెలపవచ్చు. కానీ ఆ సంస్థ వ్యక్తిగత తగవులను విచారించి తీర్పు చెప్పదు. పునఃపరిశీలన కోసం మళ్లీ అదే బీమా సంస్థకు పంపుతుంది. తరవాతి మెట్టు బీమా అంబుడ్స్‌మన్. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. 50 లక్షల రూపాయల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉంది. తీర్పును 30 రోజుల్లో అమలు చేయని సంస్థ రోజుకు 5 వేల రూపాయల చొప్పున ఫిర్యాదుదారుకు చెల్లించాలని 2024 ఉత్తర్వు నిర్దేశించింది. ఇది నిజంగా పేదవాడి కోర్టే. తెలుగువారి కోసం ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం దాని పరిధిలోకి వస్తాయి. ఆ పైన వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. 1995లోనే వైద్యసేవలనూ వినియోగదారుల చట్టం పరిధిలోకి తెచ్చిన ఘనత మన సుప్రీంకోర్టుది.

లోపం ఎక్కడంటే, ఈ దారులన్నీ ఒంటరి బాటసారుల కోసం వేసినవి. అంబుడ్స్‌మన్ ఎదుట గెలిచిన పాలసీదారుకు డబ్బు వస్తుంది. అదే కారణంతో తిరస్కరణకు గురై, ఫిర్యాదు చేయడం తెలియక మిన్నకున్న వందమందికి ఏమీ రాదు. సంస్థ దృష్టిలో ఇది లాభసాటి లెక్క. వందమందిని కాదని, పట్టుబట్టిన అయిదుగురికి చెల్లిస్తే సరిపోతుంది. పైగా చికిత్స అవసరమా కాదా అన్నది వైద్యశాస్త్ర ప్రశ్న. అంబుడ్స్‌మన్ పదవికి బీమా, పాలన, న్యాయ సర్వీసుల అనుభవం అర్హతగా ఉంది గాని, బీమా సంస్థతో సంబంధం లేని వైద్యుల మండలి ఆ ప్రశ్నను తేల్చే కాలిఫోర్నియా తరహా ఏర్పాటు లేదు. నియంత్రణ సంస్థకు తనిఖీ చేసే అధికారం, జరిమానా వేసే అధికారం ఉన్నాయి. అయితే జరిమానాతో పాలసీదారు చేతికి వచ్చేదేమీ లేదు. ఉల్లంఘన వల్ల నష్టపోయిన ప్రతి ఒక్కరినీ వెదికి పట్టుకుని సొమ్ము తిరిగి ఇప్పించినప్పుడే అమలు అన్న మాటకు అర్థం.

ఈ పని మొదలుపెట్టడానికి కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడింది. వినియోగదారుల హక్కులను సామూహికంగా కాపాడటం, దర్యాప్తు జరిపించడం, వారి తరఫున కమిషన్ల ముందు ఫిర్యాదు దాఖలు చేయడం దాని అధికారాలు. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద, కోచింగ్ కేంద్రాల ఆర్భాటాల మీద అది ఝళిపించిన కొరడాను బీమా తిరస్కరణల వైపు తిప్పడానికి అడ్డేమిటి? హైదరాబాద్‌లోని బీమా నియంత్రణ సంస్థ వద్ద ఫిర్యాదుల గణాంకాలు ఉన్నాయి. ఢిల్లీలోని ప్రాధికార సంస్థ వద్ద కేసు వేసే అధికారం ఉంది. ఈ రెంటినీ కలిపే వంతెనగా, ఆరోగ్య బీమా వ్యవహారాలకే అంకితమైన ప్రభుత్వ న్యాయవాదుల బృందం ఒకటి ఉంటే సగం పని అయినట్లే.

ప్రభుత్వమే సొమ్ము చెల్లించే పథకాల్లో చిక్కు మరింత జటిలం. ఒకవైపు దొంగ బిల్లుల బెడద ఉంది. ఆయుష్మాన్ భారత్‌లో సుమారు 7.5 లక్షలమంది లబ్ధిదారులు ఒకే ఫోను నంబరుతో నమోదయ్యారని, మరణించినట్లు నమోదైనవారికి చికిత్స చేసినట్లు లెక్కలు ఉన్నాయని 2023లో కాగ్ నివేదిక బయటపెట్టింది. మరోవైపు సర్కారే ఎగవేతదారు అవుతోంది. బకాయిలు చెల్లించడం లేదంటూ 2025లో తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రైవేటు ఆసుపత్రులు ఉచిత వైద్యసేవలు నిలిపివేసినప్పుడు నలిగిపోయింది నిరుపేద రోగులే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 సెప్టెంబరులో బీమా సంస్థలను, ట్రస్టును జోడించే మిశ్రమ విధానానికి ఆమోదం తెలిపింది. బీమా సంస్థలను రంగంలోకి దించే ముందు వాటిచేత మాట నిలబెట్టించే యంత్రాంగాన్ని సిద్ధం చేసుకోవడం వివేకం. ఆసుపత్రుల్లోని ఆరోగ్యమిత్ర దారి చూపగలడేగాని, వాదించలేడు. ఇక్కడ నియమించే న్యాయవాది అవసరమైతే చెల్లింపు చేసే సర్కారీ విభాగాన్ని సైతం ప్రశ్నించగల స్వేచ్ఛ ఉన్నవాడై ఉండాలి. లేకుంటే అతడూ మరో సర్కారీ గుమాస్తాగా మిగిలిపోతాడు.

ఇంత కట్టడి పెడితే బీమా సంస్థలు ప్రీమియంలు పెంచేస్తాయని, మోసగాళ్లకు రెక్కలు వస్తాయని వాదించేవారు ఉన్నారు. ఈ వాదాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. ఒకరి బోగస్ క్లెయిము భారం నిజాయతీపరులైన చందాదారులందరి మీదా పడుతుందన్నది కాదనలేని సత్యం. అయితే చట్టం అమలు చేయించే న్యాయవాది బీమా సంస్థలకు ఆగర్భశత్రువేమీ కాడు. బిల్లులు పెంచిన ఆసుపత్రి మీద, లేని రోగిని సృష్టించిన దళారీ మీద కూడా అతడి చూపు ఉండాలి. ఆ మాటకొస్తే, నేడు బీమా నియంత్రణ సంస్థ అధికారం ఆసుపత్రి గడప దాటి లోపలికి పోదు. ఆసుపత్రులను చూసే రాష్ట్రాల చట్టాలకు బీమా తగవులు పట్టవు. సంస్థను అడిగితే ఆసుపత్రి తప్పంటుంది. ఆసుపత్రిని అడిగితే సంస్థ తప్పంటుంది. ఈ చెరోమాట మధ్య నలిగే రోగికి, ఇద్దరినీ ఒకేచోట నిలబెట్టి నిజం రాబట్టే మూడోమనిషి కావాలి. నియమాలు పాటించే సంస్థలకు దీనివల్ల వచ్చే నష్టమేమీ లేదు. పాటించని పోటీదారు తక్కువ ధర చూపి జనాన్ని ఆకర్షించే అన్యాయం తొలగి, వాటికి మేలే జరుగుతుంది.

కాబట్టి చేయవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. చికిత్స అవసరాన్ని తేల్చడానికి బీమా సంస్థలతో సంబంధం లేని వైద్యుల మండళ్లను అంబుడ్స్‌మన్ కార్యాలయాలకు అనుబంధంగా నెలకొల్పాలి. నియంత్రణ సంస్థలో పాలసీదారుల పక్షాన దర్యాప్తు చేసి కేసులు నడిపే న్యాయవిభాగాన్ని ప్రత్యేకంగా ఏర్పరచి, కాలిఫోర్నియాలో వలె ఆ ఖర్చును బీమా సంస్థల రుసుముల నుంచే రాబట్టాలి. ఏ సంస్థ ఎన్ని క్లెయిములను ఏ కారణంతో తిరస్కరించింది, అప్పీలులో ఎన్ని తిరగబడ్డాయన్నది సామాన్యుడికి అర్థమయ్యే రీతిలో తెలుగు సహా అన్ని భాషల్లో ప్రకటించాలి. ఒక సంస్థ మీద ఉల్లంఘన రుజువైతే, అదే తీరున నష్టపోయినవారందరికీ సొమ్ము తిరిగి ఇవ్వడం శిక్షలో తప్పనిసరి భాగం కావాలి. పదేపదే అదే తప్పు చేసే సంస్థకు జరిమానా మెట్లుమెట్లుగా పెరగాలి. కైజర్ విషయంలో కాలిఫోర్నియా పదేళ్లకు నేర్చిన పాఠాన్ని మనం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసిన అగత్యం లేదు.

హంతకుడి మీద కేసు నడపడానికి హతుడి కుటుంబం సొంత వకీలును పెట్టుకోనక్కర్లేదు. నేరం సమాజానికి జరిగిందన్న భావనతో ప్రభుత్వ న్యాయవాది ఆ బాధ్యత తీసుకుంటాడు. నమ్మి ప్రీమియం కట్టిన వేలాదిమందిని ఆపదవేళ వంచించడం కూడా సమాజానికి జరిగే అపచారమే. ఆసుపత్రి మంచం మీద ఉన్నవాడికి నిబంధనల పుస్తకం తిరగేసే తీరిక ఉండదు. ఇంటి పెద్దను పోగొట్టుకున్న కుటుంబానికి పన్నెండేళ్లు కోర్టుల్లో వేచి ఉండే ఓపిక ఉండదు. గంటలో అనుమతి, 3 గంటల్లో డిశ్చార్జి అని ఉత్తర్వులు రాసిన ప్రభుత్వం, ఆ మాట చెల్లని ప్రతి చోటా తానే వాదిగా నిలబడాలి. అప్పటిదాకా పాలసీ పత్రాల మీది హామీలు నీటిమీది రాతలే.